పాత కారు డ్రమ్ బ్రేకులు సర్దుకోవడం ఎలా? అరవై దాటినవాళ్ల కోసం

"బ్రేకు పెడల్ సగం దాకా లోపలికి పోతేగానీ పట్టడం లేదు. అడ్జస్ట్ చేస్తే సరిపోతుందా?" పాత కార్లున్నవాళ్లు నన్ను అడిగే ప్రశ్నల్లో సగం ఇదే. అడిగేవాళ్లలో ఎక్కువమంది నాలాగే ఉద్యోగం నుంచి దిగిపోయి, నాన్నగారి కారునో మామగారి కారునో షెడ్డులోంచి బయటికి తీసినవాళ్లు. ఈ బళ్ల బ్రేకులు చేతి అంచనాతో సర్దే పాత మెకానిక్కులు చెన్నైలో ఏటికేడాది తగ్గిపోతున్నారు. అందుకే ఒక్కసారి వివరంగా రాస్తున్నాను.

నాకిప్పుడు డెబ్బై ఒకటి. వెస్ట్ మాంబళంలో మా ఇంటి ముందున్న మోరిస్ మైనర్‌కి ఏడాదికి రెండుసార్లు ఈ పని నేనే చేసుకుంటాను. దీనికి బలం అక్కర్లేదు, కారు కిందికి దూరే పనీ లేదు. ఓపిక ఉండాలి, తిరిగే చక్రం చప్పుడు వినడం అలవాటు కావాలి.

ఇక్కడ చెప్పేది హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసే, డ్రమ్ బ్రేకులున్న బళ్లకు: మోరిస్ మైనర్, పాత అంబాసిడర్, మన చెన్నై పక్క వండలూరు ఫ్యాక్టరీలో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, పాత ఫియట్‌లు, అలాంటివి. ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు బిగించుకున్నవాళ్లు వెనక చక్రాల భాగం మాత్రం చదువుకోండి. కడ్డీలతోనో తీగలతోనో పనిచేసే 1930ల నాటి బ్రేకులకు పద్ధతి వేరు, వాటికి ఇది వర్తించదు.

పానా పట్టుకునే ముందు

చాలామంది ఇక్కడే పొరపడతారు. బ్రేకు సరిగా లేదనగానే అడ్జస్టర్ బిగించేస్తారు. చక్రంతోపాటు తిరిగే డ్రమ్ముకీ, దాన్ని లోపలినుంచి నొక్కి ఆపే వంపు రేకు షూకీ మధ్య పెరిగిన సందును తగ్గించడమొక్కటే అడ్జస్టర్ చేసే పని. జబ్బు వేరే అయితే అది కొన్నాళ్లపాటు కనపడకుండా కప్పేస్తుంది, అంతే. ఆ కొన్నాళ్లే ప్రమాదం.

కారు నిలబెట్టి, ఇంజిన్ ఆపి, డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కి చూడండి.

మొదటిసారి లోతుగా పోయి, వెంటవెంటనే రెండు మూడుసార్లు తొక్కితే పైకొచ్చి రాయిలా గట్టిపడితే సందు పెరిగిందని అర్థం. ఈ వ్యాసం మీకోసమే.

ఎన్నిసార్లు తొక్కినా స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా ఉంటే లైనులో గాలి చేరింది. ముందు గాలి తీయించాలి. అడ్జస్టర్ తిప్పితే లాభం లేదు.

గట్టిగా తొక్కి ఒక నిమిషం అలాగే పట్టుకోండి. పెడల్ మెల్లగా కిందికి జారిపోతుంటే ఎక్కడో ఆయిల్ కారుతోంది, లేదా పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాలకు నెట్టే మాస్టర్ సిలిండర్‌లో రబ్బర్లు అరిగాయి. ఆ బండిని ఇంటి గేటు కూడా దాటించకండి. ఈ పాత కార్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే హైడ్రాలిక్ లైను. ఎక్కడ తెగినా నాలుగు బ్రేకులూ ఒకేసారి పోతాయి. మిగిలేది హ్యాండ్‌బ్రేక్ ఒక్కటే.

తర్వాత ఆయిల్ మట్టం చూడండి. మోరిస్ మైనర్‌లో మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్లకింద ఛాసిస్‌లో దాక్కుని ఉంటుంది. కార్పెట్ ఎత్తి, నేలలో ఉన్న బిళ్ళ తీస్తే దాని మూత కనిపిస్తుంది. మూత తీసేముందు చుట్టూ మట్టి శుభ్రంగా తుడవండి. ఒక్క ఇసుక రేణువు లోపల పడినా రబ్బర్లు కోసుకుపోతాయి. కళ్లెదుట ఉండదు కాబట్టి ఈ బండి ఉన్నవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని మరిచిపోతుంటారు. షూ మీదుండే రాపిడి పొర, అంటే లైనింగ్, అరిగేకొద్దీ మట్టం కొంచెం తగ్గడం మామూలే. నెలనెలా పోయాల్సి వస్తుంటే మాత్రం కారుతున్నట్టే. టైర్ల లోపలి గోడలమీద తడి చారలున్నాయేమో టార్చి వేసి చూడండి.

కావలసినవి

- మంచి జాకీ, దానితోపాటు కనీసం ఒక ఇనప స్టాండు
- చక్రాలకు అడ్డుపెట్టే చెక్క దిమ్మెలు నాలుగు. ఇటుకలు వద్దు, పొడైపోతాయి
- మీ బండి అడ్జస్టర్‌కి సరిగ్గా సరిపోయే పనిముట్టు: పొడవాటి స్క్రూడ్రైవరో, బ్రేక్ అడ్జస్టింగ్ స్పానరో
- టార్చి, తలకు పెట్టుకునేదైతే ఇంకా మంచిది
- పాత గుడ్డలు, చిన్న బకెట్టులో నీళ్లు, మాస్కు
- సీలు తీయని బ్రేక్ ఆయిల్ డబ్బా, డాట్ 3 రకం గానీ డాట్ 4 రకం గానీ
- ఎత్తు తక్కువ పీట
- చెప్పింది చెప్పినట్టు చేసే ఒక మనిషి

బ్రేక్ ఆయిల్ గురించి ఒక మాట. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, చెన్నై గాలిలో తేమకేం కొదవ! కొత్త డాట్ 3 ఆయిల్ మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర. తేమ పట్టాక ఆ పరిమితి 140కి పడిపోతుంది. మరిగి ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. సగం వాడి మూతపెట్టి అటకమీద ఉంచిన డబ్బా పారేయండి. రెండేళ్లకోసారి బండిలో ఉన్నదంతా మార్పించండి. ఇంజిన్ ఆయిల్ ఒక్క చుక్క కూడా అందులో పడకూడదు, రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. సిలికాన్‌తో చేసిన డాట్ 5 దీంతో కలపకూడదు. బ్రేక్ ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, పెయింటును తినేస్తుంది.

స్పానర్ కోసం, చిన్నచిన్న సామాన్ల కోసం చెన్నైలో జీపీ రోడ్డు, పాత విడిభాగాలకు పుదుపేట. పుదుపేటలో షూలు, స్ప్రింగులు కొనుక్కోవచ్చు. రబ్బర్లు, బ్రేక్ హోసులు మాత్రం వాడినవి ఎంత చవగ్గా వచ్చినా కొనకండి.

మన వయసుకు తగ్గట్టు

నాలుగు చక్రాలూ ఒకే రోజు ముగించాలని పట్టుబట్టకండి. ఒక రోజు ముందు రెండూ, మర్నాడు వెనక రెండూ చేసుకోండి. ఒకే వరసలోని రెండు చక్రాలు మాత్రం ఒకే పూట అయిపోవాలి, లేదంటే బండి ఒకవైపు లాగుతుంది. పొద్దున ఆరింటికి మొదలుపెట్టి తొమ్మిదింటికల్లా ఆపేయండి. గొంతుక్కూర్చుని చేస్తే లేచేటప్పుడు కళ్లు తిరుగుతాయి, అందుకే పీట. బీపీ మందు వేసుకునేవాళ్లు వేళకు వేసుకుని, ఏదైనా తిని మొదలుపెట్టండి. చేతివేళ్లు తిమ్మిరెక్కేవాళ్లు జాకీ, స్టాండు పని సహాయకుడికి వదిలేసి, చక్రం తిప్పడం, వినడం మీరు చేసుకోండి. అసలు పని అదే.

ఇక పని

1. కారు గట్టి సిమెంటు నేలమీద ఉండాలి. తారురోడ్డు మీద వద్దు, ఎండకు మెత్తబడి స్టాండు దిగబడుతుంది. పోర్టికోలో నున్నటి టైల్స్ ఉంటే అక్కడా వద్దు.

2. ముందు చక్రాలతో మొదలుపెట్టండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో పెట్టి, వెనక చక్రాలకు ముందూ వెనకా దిమ్మెలు పెట్టండి. ఒక చక్రం లేపి స్టాండు పెట్టండి. కారును చేత్తో పక్కకు నెట్టి చూసి, కదలదని నమ్మకం కుదిరాకే కూర్చోండి. జాకీ ఒక్కదానిమీదే నిలబడ్డ కారు దగ్గర కాలుగానీ చెయ్యిగానీ పెట్టొద్దు. ఈ విషయంలో ఎవరు తొందరపెట్టినా వినొద్దు.

3. అడ్జస్టర్ ముట్టుకోకముందు చక్రాన్ని చేత్తో తిప్పండి, చప్పుడు గుర్తుపెట్టుకోండి. తర్వాత టైరును పైనా కిందా పట్టుకుని ఊపండి. లటపటలాడితే చాలాసార్లు బేరింగ్ వదులైనట్టే. బేరింగ్ సర్దకుండా బ్రేకు సర్దితే రోడ్డుమీదికెక్కగానే లెక్క తప్పుతుంది.

4. అడ్జస్టర్ ఎక్కడుందో చూడండి. మోరిస్ మైనర్‌లో హబ్ క్యాప్ తీస్తే కనిపించే రంధ్రంలోంచి అందుతుంది. రబ్బరు బిరడా ఉంటే తీసి, చక్రం మెల్లగా తిప్పుతూ టార్చి వేస్తే, రంధ్రం ఎదురుగా గాడి ఉన్న స్క్రూ తల వస్తుంది. పీటమీద కూర్చుని చేసే పని, మనలాంటివాళ్ల కోసమే అలా చేశారనిపిస్తుంది. ముందు చక్రానికి ఇలాంటివి రెండుంటాయి, ఒక్కో షూకి ఒకటి. స్టాండర్డ్ హెరాల్డ్ వెనక చక్రాలకు, డ్రమ్మును లోపలివైపు మూసే రేకు (బ్యాక్‌ప్లేటు) వెనకనుంచి నాలుగు పలకల ముక్కు ఉంటుంది, దానికి సరైన స్పానరే వాడాలి. ప్లయర్‌తో పట్టుకుంటే పలకలు గుండ్రమై ఇంకెప్పటికీ తిరగదు. మరికొన్ని బళ్లలో బ్యాక్‌ప్లేటు మీద ఆరు పలకల తలలుంటాయి. వాటిలో ఏ షూ ఎటు తిప్పితే బిగుస్తుందో విడివిడిగా చూసుకోవాలి, రెండూ ఒకవైపే తిరగకపోవచ్చు.

5. స్క్రూ రకమైతే కుడివైపు, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, మెల్లగా తిప్పండి. అడ్జస్టర్ గడిగడిగా, మెట్లు మెట్లుగా కదులుతుంది, ప్రతి గడికీ చిన్న టిక్కు చేతికి తెలుస్తుంది. చక్రం చేత్తో తిరగనంత బిగిసేదాకా బిగించండి. అక్కడ ఆపండి, బలం ఉపయోగించొద్దు.

6. ఇప్పుడు సహాయకుణ్ణి పెడల్ గట్టిగా తొక్కి వదలమనండి. షూలు డ్రమ్ములో మధ్యకు సర్దుకుంటాయి. మా ఇంట్లో ఈ పని కోడలిది. నేను "నొక్కమ్మా" అంటే "నొక్కాను మామయ్యా" అని, "వదులు" అంటే "వదిలాను మామయ్యా" అని తిరిగి చెబుతుంది. ఈ అలవాటు మీరూ పెట్టుకోండి. పెడల్ మీద కాలుండగా చక్రం తిప్పి చూసి, ఎక్కువ బిగిసిందనుకుని వదులు చేసేసే పొరపాటు దీంతో తప్పుతుంది.

7. మళ్లీ అడ్జస్టర్ చూడండి. చాలాసార్లు ఇంకో గడి బిగుస్తుంది. బిగించాక ఇప్పుడు వెనక్కి ఒక్క గడి వదలండి. చక్రం స్వేచ్ఛగా తిరగాలి. ఎక్కడో ఒకచోట 'స్స్' మని చాలా సన్నగా రాసుకుంటే ఫరవాలేదు. చెయ్యి తీయగానే చక్రం ఆగిపోతుంటే ఇంకో గడి వదలండి.

8. అదే చక్రంలో రెండో అడ్జస్టర్‌కి ఇదంతా మళ్లీ చేయండి. రెండూ ఒకేసారి బిగించి ఒకేసారి వదిలితే ఏది రాసుకుంటోందో తెలియదు. తర్వాత అదే వరసలో రెండోవైపు చక్రం. రెండు చక్రాలూ తిప్పి చూస్తే చేతికి ఒకేలా అనిపించాలి.

9. వెనక చక్రాలకు వచ్చేసరికి హ్యాండ్‌బ్రేక్ పూర్తిగా దించాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. అంటే కారును పట్టుకుని ఉన్నవి ముందు చక్రాల దిమ్మెలే. నాలుగు దిమ్మెలూ చేత్తో తట్టి చూసుకున్నాకే జాకీ వేయండి. వెనక అడ్జస్టర్లు ఏడాదిని బట్టి, బండిని బట్టి ఒకటో రెండో ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే. వెనక చక్రం ఇరుసు మధ్యనుండే గేర్లను (డిఫరెన్షియల్‌ని) కూడా లాక్కుని తిరుగుతుంది కాబట్టి ముందు చక్రంకన్నా బరువుగా ఉంటుంది. ఆ బరువు చక్రమంతా సమంగా ఉంటుంది. బ్రేకు రాపిడైతే చాలాసార్లు ఒకచోట పట్టి ఒకచోట వదులుతుంది.

10. హ్యాండ్‌బ్రేక్ తీగ చిట్టచివర. వెనక షూలు సరిగ్గా కుదిరితే చాలా బళ్లలో దాన్ని ముట్టుకునే అవసరమే రాదు. లివరు నాలుగైదు పళ్లు లాగేసరికి రెండు వెనక చక్రాలూ పట్టాలి. అప్పటికీ పైదాకా వస్తుంటే తీగ సాగింది. మోరిస్ మైనర్‌లో రెండు తీగల నట్లూ లోపల లివరు దగ్గరే ఉంటాయి. రెండూ సమంగా బిగించండి. లివరు దించాక రెండు చక్రాలూ తేలిగ్గా తిరుగుతున్నాయో లేదో తప్పకుండా చూడండి.

అడ్జస్టర్ కదలకపోతే బలవంతం చేయొద్దు. సముద్రపు గాలికి తుప్పు పట్టడం ఇక్కడ మామూలే. బ్యాక్‌ప్లేటు వెనక ఉండే రకానికి ముందురోజు రాత్రి తుప్పు వదిలించే నూనె రెండు చుక్కలు బయటనుంచి వేసి వదిలేయండి. డ్రమ్ము రంధ్రంలోంచి మాత్రం ఏ నూనే కొట్టొద్దు, అది లైనింగ్ మీద పడితే ఆ చక్రం బ్రేకు పోయినట్టే. ఆ రకానికి డ్రమ్ము ఊడదీయాల్సిందే.

డ్రమ్ము తీస్తే ఒక జాగ్రత్త. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. ఆ దుమ్మును నోటితోగానీ కంప్రెసర్ గాలితోగానీ ఊదకండి. మాస్కు పెట్టుకుని తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవర్లో కట్టి పారేయండి. రివెట్ల తలలు లైనింగ్ పైకి వచ్చేస్తున్నట్టుంటే సర్దడం మాని షూలు మార్చండి. ఒక వరసలో రెండు చక్రాలకూ కలిపే మార్చాలి.

ఎక్కువమంది చేసే తప్పులు

అన్నిటికన్నా పెద్దది ఎక్కువ బిగించడం. పెడల్ పైనే పట్టేస్తుంటే కారు కొత్తదైనట్టు అనిపిస్తుంది. కొన్నేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో నా బండికి అలాగే బిగించి ఇచ్చారు, నేనూ చక్రం తిప్పి చూసుకోకుండా సంతోషంగా తెచ్చుకున్నాను. ఆ ఆదివారం ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద మహాబలిపురం బయల్దేరాం. కోవళం దగ్గరికి వచ్చేసరికి బండి బరువెక్కింది, కాలిన వాసన మొదలైంది. దిగి చూస్తే వెనక కుడి చక్రం దగ్గరికి చెయ్యి పెట్టలేని వేడి. గంటసేపు చెట్టుకింద ఆగి, రెండు గడులు వదిలి, మెల్లగా ఇంటికి చేరాం. లైనింగ్ గాజులా నిగనిగలాడిపోయింది, షూలు మార్చాల్సి వచ్చింది. వెనక సీట్లో మనవలు ఉన్నారు. ఆ రోజునుంచి ఎవరు బిగించినా చక్రం లేపి తిప్పి చూడకుండా బండి తీయను.

హ్యాండ్‌బ్రేక్ పైకొస్తోందని ముందే తీగ బిగించేయడం రెండోది. తీగ లాగి పట్టి ఉంచితే వెనక షూలు తమ స్థానానికి తిరిగి రావు. ఆ తర్వాత అడ్జస్టర్‌తో ఎంత సర్దినా అది తప్పు కొలతే.

మూడోది చాలామందికి తెలియదు. నాలుగు చక్రాలూ సరిగ్గా వదిలాక కూడా, నాలుగైదు కిలోమీటర్లు పోయేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేస్తుంటాయి. పెడల్‌కీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య ఉండే కడ్డీకి కొద్దిపాటి ఖాళీ ఉండాలి. పెడల్‌ని వేలితో నొక్కితే మొదట కొంచెం ఊరికే కదలాలి. ఆ ఖాళీ లేకపోతే ఆయిల్ వెనక్కి వెళ్లే చిన్న రంధ్రం మూసుకుపోయి, వేడికి ఆయిల్ పెరిగి బ్రేకులు బిగుస్తాయి. ఒక్క చక్రమే అలా పట్టేస్తుంటే దాని రబ్బరు హోసు లోపల వాచి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆ చక్రం దగ్గర గాలి తీసే మర (నిపిల్) వదులు చేస్తే కొంచెం ఆయిల్ చిమ్మి చక్రం తేలిగ్గా తిరుగుతుంది. హోసు మార్చేయండి, బయటికి ఎంత బాగా కనిపించినా సరే.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం

ముందు కారు నిలబెట్టే పెడల్ చూడండి. మొదటి తొక్కుకే పట్టాలి, రెండో తొక్కుకు పెద్దగా పైకి రాకూడదు. నిమిషం పట్టుకున్నా జారకూడదు.

తర్వాత రోడ్డు. ఆదివారం తెల్లవారుజామున ఖాళీగా ఉండే కాలనీ వీధి చాలు. టైర్లలో గాలి సమంగా ఉందో లేదో ముందే చూసుకోండి. గాలి తేడా ఉన్నా బండి ఒకవైపు లాగుతుంది, తప్పు బ్రేకుమీద పడుతుంది. మొదట నడక వేగంలో రెండుసార్లు తొక్కండి. ఆ తర్వాత 30 కిలోమీటర్ల వేగంలో స్టీరింగ్ తేలిగ్గా పట్టుకుని నిదానంగా తొక్కండి. ఎడమకు లాగితే కుడి బ్రేకు తక్కువ పడుతోంది, లేదా ఎడమది ఎక్కువ పడుతోంది. వెంటనే ఒకటి బిగించేయకుండా, రెండు చక్రాలూ మళ్లీ లేపి పోల్చి చూడండి. సర్దుబాటు సమంగానే ఉండి ఇంకా లాగుతుంటే, తక్కువ పట్టే వైపు లైనింగ్ మీద ఆయిలో గ్రీజో పడిందేమో డ్రమ్ము తీసి చూడాల్సిందే.

మూడు నాలుగు కిలోమీటర్లు వీలైనంత తక్కువ బ్రేకు వాడి నడిపి ఆగండి. నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లండి, ముందే ఆనించకండి. నాలుగూ గోరువెచ్చగా ఉంటే మంచిదే. ఒక్కటే వేడిగా ఉంటే దానికి ఒక గడి వదలండి.

హ్యాండ్‌బ్రేక్ పరీక్షకు వాలు కావాలి, చెన్నై అంతా చదునే. అపార్టుమెంటు పార్కింగ్‌లోకి దిగే ర్యాంపు సరిపోతుంది. ముందూ వెనకా మనిషి లేకుండా చూసుకుని, హ్యాండ్‌బ్రేక్ వేసి, పెడల్ మీదనుంచి కాలు మెల్లగా తీయండి. కాలు దగ్గర్లోనే ఉంచుకోండి. బండి అంగుళం కూడా జరగకూడదు.

కొత్త షూలు వేసినవాళ్లు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ ఒకసారి సర్దాలి. కొత్త లైనింగ్ డ్రమ్ము వంపుకు అరిగి కుదురుకున్నాక సందు మళ్లీ పెరుగుతుంది.

వానాకాలం, నిలిపి ఉంచిన బళ్లు

మన బళ్లు తిరిగేదానికన్నా నిలబడేది ఎక్కువ. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో హ్యాండ్‌బ్రేక్ వేసి నెల రోజులు వదిలేస్తే, షూ డ్రమ్ముకు తుప్పుతో అంటుకుపోతుంది. ఇంట్లో నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ దించి, గేరులో పెట్టి, చక్రాలకు దిమ్మెలు పెట్టండి. నీళ్లలోంచి దాటించాల్సి వస్తే, దాటాక కొంతదూరం మెల్లగా పోతూ పెడల్ తేలిగ్గా నొక్కి పట్టి డ్రమ్ములు ఆరబెట్టండి. 2015 డిసెంబరు చెన్నై వరదల్లోలాగా చక్రాలు మునిగేంత నీళ్లలో బండి నిలిచిపోయిందా, నాలుగు డ్రమ్ములూ తీసి కడిగించి, ఆయిల్ మార్పించి, ఆ తర్వాతే సర్దుబాటు మొదలుపెట్టండి.

నేను ఒక చిన్న నోటుబుక్కు కారు డాష్‌బోర్డులోనే ఉంచుతాను. తేదీ, ఏ చక్రానికి ఎన్ని గడులు బిగించానో రాస్తాను. మిగతా మూడింటికి ఒకటి రెండు గడులు సరిపోయిన పూట ఒక్కదానికి ఐదారు పడితే, మర్నాడే ఆ డ్రమ్ము తీసి చూస్తాను.